పోరంబోకు అంటే అడిగేవాడు లేడనా?

1995 జనవరి 8న పాశర్లపూడిలో డ్రిల్లింగు జరుగుతుండగా ఓఎన్‌జీసీ బావి బ్లోఅవుట్ అయ్యింది. 65 రోజులు మండింది. అంత జరిగాక నిబంధనలు బిగియాలి గదా? సడలించారు!

2020 జనవరి 16న కేంద్ర పర్యావరణ శాఖ చమురు, గ్యాసు అన్వేషణను 'బి2' తరగతిలోకి దించింది. ఇక రాష్ట్ర స్థాయి అనుమతి చాలు. పర్యావరణ ప్రభావ నివేదిక అక్కర్లేదు, ప్రజాభిప్రాయ సేకరణా అక్కర్లేదు. వెతకడమే కదా అంటారు. అది పరీక్ష బావో ఉత్పత్తి బావో భూమిలోని గ్యాసుకేం తెలుసు?

పట్టా ఉన్న రైతు దగ్గరికి కాగితాలు పట్టుకొస్తారు. పోరంబోకులో గేదెలు మేపుకునే పేటవాళ్లని అడిగేదెవరు? నిడదవోలు కావొచ్చు, ఇంకో ఊరు కావొచ్చు, రిగ్గు దిగేముందు పేటలో దండోరా వెయ్యాలి. గ్రామసభ పెట్టి నీళ్లకి, నేలకి ఏమవుతుందో తెలుగులో చదివి వినిపించాలి. ఇది మనం అడుక్కునేది కాదు, మన హక్కు.