ముందు నాలుగు సవర మాటలు
ఒడిశాలోని రాయగడ జిల్లా పుట్టాసింగ్ కొండల్లో లాంజియా సవరలు ఇంటి లోపలి గోడకు ఎర్రమట్టి అలికి, బియ్యప్పిండిలో వెదురుపుల్ల ముంచి ఇడితాల్ అనే బొమ్మ వేస్తారు. ముందు చౌకట్టు, దాన్లో సూర్యచంద్రులు, ఏనుగులు, వరసకట్టి ఆడే మనుషులు. జబ్బు చేసినా, పంట చేతికొచ్చినా పితరులను తలుచుకునేది ఆ గోడ దగ్గరే. విదేశీ విద్యార్థులకు ఈ బొమ్మలు నేర్పే వర్క్‌షాపులు రావాలనే నేనూ కోరుకుంటాను. కానీ అవి నగరాల హాళ్లలో రెండు గంటల కాలక్షేపంగా కాక, సవర ఊళ్లోనే, పెద్దల అనుమతితో, చిత్రకారుల ప్రతిఫలం ముందే తేల్చుకుని జరగాలి. ఏది నేర్పాలో, ఏది పూజకే ఉంచుకోవాలో వాళ్లే చెప్పాలి. ఆస్ట్రేలియాలో 1971లో పాపున్యా ఆదివాసులు తమ బొమ్మలను పలకల మీదికి తెచ్చినప్పుడు, రహస్య చిహ్నాలు బయటపడ్డాయని సొంతవాళ్లే కలతపడ్డారు. లాంజియా సవర చిత్రాలకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. ఆ ముద్ర ఒక్కటే ఇలాంటి కలతను ఆపలేదు; కావలసింది ముందు వాళ్లను తెలుసుకోవడం. గిడుగు రామ్మూర్తి పంతులు ముందు సవర భాష నేర్చుకుని, తర్వాతే వాళ్లకు బళ్లు పెట్టారు. విద్యార్థులకు కూడా తొలిరోజు కుంచె ఇవ్వకండి, ఆ భాషలో నాలుగు మాటలు నేర్పించండి.