తలరాత కాదు, సిస్టర్

రెడ్డియార్‌పాళయం నుంచి గోరిమేడులోని జిప్మర్ ఆసుపత్రి పెద్ద దూరమేమీ కాదు. అక్కడ ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రమే ఉంది. అయినా పుదుచ్చేరిలో 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు నూటికి ఏడెనిమిది మందే అంటుంది 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. దేశం మొత్తమ్మీద ఇద్దరు కూడా లేరు కాబట్టి ఇదే గొప్ప!

అందుకే ముదిరాక వచ్చేవాళ్లే ఎక్కువ. మంచమెక్కాక అడుగుతారు: "ముందే చూపించుకునుంటే బాగుండేది కదా, సిస్టర్?"

దీనికి మన వార్డుల్లో వినిపించే జవాబులు రెండు. "ఇన్నాళ్లూ ఏం చేశావమ్మా?" అనేది ఒకటి. చెయ్యి నిమురుతూ "మన చేతుల్లో ఏముందమ్మా, అంతా తలరాత" అనేది రెండోది. మొదటిది కటువని అందరికీ తెలుసు. రెండోదాన్ని దయ అనుకుంటాం. నాకు దాంతోనే ఎక్కువ భయం. పక్కన ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డ కూతురు కూడా ఆ మాట వింటుంది. అంతా రాసే ఉంటే ఆ పిల్ల పరీక్షకు ఎందుకు పోవాలి?

ముఖద్వార క్యాన్సర్‌కు కారణం బ్రహ్మ కాదు, దాదాపు ప్రతిసారీ హెచ్‌పీవీ అనే వైరస్. అది సోకి క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా పదేళ్ల పైమాటే. ఈలోగా పలచని అసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండేదే, పూసి ఒక నిమిషం ఆగి చూస్తే తేడా ఉన్నచోట తెల్లమచ్చ తేలుతుంది. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో శిక్షణ పొందిన నర్సులే ఈ పరీక్ష చేశారు. చేసిన చోట ఈ క్యాన్సర్ మరణాలు 35 శాతం తగ్గాయని 2007లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. నర్సులే చెరిపిన రాతను నర్సులే తలరాత అనడం ఏమి న్యాయం?

మరి ఏం చెప్పాలి? "అప్పుడు మీకెవరూ చెప్పలేదమ్మా. నొప్పి లేనిదే ఆసుపత్రికి ఎవరొస్తారు? పరీక్షలో కచ్చితంగా పట్టుబడేదనీ చెప్పలేం. ఇప్పుడేం చేయొచ్చో డాక్టరుగారిని అడుగుదాం." ఇందులో నింద లేదు, అబద్ధమూ లేదు. "ఏ రోగమూ లేకుండా పరీక్షేమిటి, అపశకునం" అన్న అత్తగారూ, జబ్బు పేరు పలకడానికే జంకే ఇంటివాళ్లూ పంచుకోవలసిన తప్పును ఆ రోగి ఒక్కతే ప్రారబ్ధంగా మోయనక్కర్లేదు.

ప్రభుత్వ కార్యక్రమం కింద 30 దాటినవారికి నోరు, రొమ్ము, ముఖద్వార పరీక్షలు అయిదేళ్లకోసారి చేయాలి. సిస్టర్, ఆ కూతురికి 30 దాటి ఉంటే ఇవాళే చెప్పండి.