దయ్యం బొమ్మలోనా? ప్యాకెట్టులోనా?

విద్యానగర్‌లోని ఒక సంఘంలో ఆ ఆదివారం ఆరాధన ముగిశాక ఇద్దరు పిల్లలు మెట్ల మీద కార్డులు పరుచుకుని కూర్చున్నారు. చకచకా కార్డు మీద కార్డు పడుతోంది. ఒకరు కొమ్ముల పుర్రెను దింపితే, రెండోవాడు రెక్కల రాక్షసుణ్ణి దింపి దాన్ని 'శ్మశానం'లోకి పంపేస్తున్నాడు. అటుగా వచ్చిన సంఘపెద్ద ఒకరు, దేవుని మందిరంలో దయ్యాల ఆటలా అంటూ కార్డులు లాక్కుని చించేశారు. పదేళ్ల బాబు బిక్కచచ్చిపోయాడు. మేము పక్కనే ఉన్నాం. నోరు మెదపలేదు. ఆ తర్వాత మూడు వారాలు ఆ బాబు సండేస్కూలుకు రాలేదు.

ఆ ఆట పేరు యు-గి-ఓ. జపాన్ చిత్రకారుడు కజుకి తకహాషి 1996లో ఆరంభించిన బొమ్మల కథలోంచి పుట్టింది. 1999 నుంచి కోనామి సంస్థ దాన్ని కార్డులుగా అమ్ముతోంది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని చెరి 8000 ప్రాణ పాయింట్లతో మొదలుపెడతారు. ఎదుటివాడివి సున్నా చేసినవాడు గెలుస్తాడు. చేయి తిరిగినవాళ్లు నాలుగైదు ఎత్తుల్లోనే తేల్చేస్తారు. తొలినాళ్ల కథల్లో భయానకం ఎక్కువే. ఆటలో మోసం చేసినవాడికి ఘోరమైన శిక్షలు పడేవి.

పేకముక్క గడప దాటి లోపలికి రాకూడదన్న కట్టుబాటులో పెరిగినవాళ్లం మనం. కనుక ఆ పెద్దాయన కోపం మాకు అర్థమవుతుంది. అమెరికాలో 'మ్యాజిక్: ద గ్యాదరింగ్' అనే ఇలాంటి ఆట మీదే విశ్వాసులు కలవరపడ్డారు. దాన్ని అమ్మే సంస్థ 1990లలో 'డీమన్' అనే మాటను కొత్త కార్డులపై మానేసి, 2002లో మళ్లీ తెచ్చింది. యు-గి-ఓ జపాన్ కార్డులపై దయ్యం అనే అర్థంలో ఉన్న 'అకుమ' ఇంగ్లిషులో 'ఫీండ్' అయింది. అర్థం దాదాపు అదే! పేరు మారిస్తే చల్లబడే భక్తి ఏపాటిది?

మార్కు సువార్త 5వ అధ్యాయంలో సమాధుల మధ్య తిరుగుతున్న మనిషిని ఊరివాళ్లు సంకెళ్లతో కట్టి చూశారు, చేతకాక ఊరుకున్నారు. ప్రభువు అతణ్ణి బాగుచేశాక మాత్రం భయపడి, తమ ప్రాంతం విడిచి వెళ్లమని ఆయనను బతిమాలుకున్నారు. అప్పటికే సుమారు 2000 పందులు సముద్రంలో పడి చచ్చాయి. ఆ భయంలో సొమ్ము లెక్క కూడా ఉందనే మా అభిప్రాయం. దయ్యంతో సర్దుకుపోగలిగారు గానీ నష్టంతో సర్దుకోలేకపోయారు.

నాలుగో వారం తార్నాకలోని ఆ బాబు ఇంటికి వెళ్లాం. ఆ రోజు మౌనంగా ఉన్నందుకు క్షమించమని అడిగి, ఆట నేర్పు నాన్నా అన్నాం. చిరిగిన కార్డులకు టేపు అంటించి దాచుకున్నాడు. ఓపికగా నేర్పాడు. మేము మూడుసార్లూ ఓడిపోయాం.

ఇవన్నీ ఎలా కొన్నావని అడిగితే తల దించుకున్నాడు. "ప్యాకెట్టు మూసే ఉంటుంది అంకుల్. లోపల ఏముందో తెలీదు. నాకు కావలసిన డ్రాగన్ రానేలేదు" అన్నాడు. రాలేదని మరొకటి, అదీ రాలేదని ఇంకొకటి. డబ్బులు ఎక్కడివంటే, అమ్మ ప్రతి ఆదివారం ఇచ్చే కానుక డబ్బులు! వాళ్లమ్మ కూడా అప్పుడే విన్నది. ఆమె ముఖం చూడలేకపోయాం.

2009 నాటికే ఈ కార్డులు 2200 కోట్లకు పైగా అమ్ముడైనట్టు గిన్నిస్ గుర్తించింది. ఈసారి తప్పక వస్తుందనే ఆశే అంత సరుకునూ కదిలించిందని అనలేం గానీ, దాని వాటా తక్కువ కాదు. రమ్మీ బల్ల దగ్గర పెద్దవాణ్ణి కూర్చోబెట్టేదీ ఆ ఆశే. తెలంగాణ ప్రభుత్వం 2017లో ఆన్‌లైన్ రమ్మీ పందేలను నిషేధించినప్పుడు మనమంతా సంతోషించాం. మెట్ల మీద మాత్రం మనకు పుర్రెబొమ్మే కనబడింది, ప్యాకెట్టు కనబడలేదు. ఆ బాబును ఎవరైనా కూర్చోబెట్టి అడిగి ఉంటే మొదటి వారమే చెప్పేవాడు.

లేచే ముందు తకహాషి సంగతి చెప్పాం. 2022 జులైలో ఒకినావా తీరాన ఒక పాప, ఆమె తల్లి, ఒక సైనికుడు సుడినీటిలో చిక్కుకుంటే, వాళ్లను కాపాడబోయి ఆయన మునిగి చనిపోయాడు. అప్పటికి 60 ఏళ్లు. అక్కడ ఏం జరిగిందో లోకానికి ఆ అక్టోబరులో గానీ తెలియలేదు. యోహాను సువార్త 15వ అధ్యాయం మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాం, నీళ్లలోకి మాత్రం ఎన్నడూ దిగలేదు.

బాబు టేపు వేసిన కార్డును చాలాసేపు చూశాడు.

"ఆ పాప బతికిందా అంకుల్?"

బతికింది నాన్నా, ముగ్గురూ బతికారు అని చెప్పాం.