వకీలు జవాబు చెప్పాల్సింది ఎవరికి?

"సంఘం తరఫున ఫోన్ చేస్తే వకీలు కేసు గురించి ఒక్క ముక్క చెప్పడం లేదు." కార్యకర్తలు కలిసిన చోటల్లా ఈ ఫిర్యాదు వినిపిస్తోంది. ఆమె వెంట పోలీస్ స్టేషను చుట్టూ తిరిగింది మనం, తలదాచుకునే చోటు చూపింది మనం, వకీలుని వెతికిపెట్టింది కూడా మనమే. అలాంటప్పుడు మనకి జవాబు చెప్పాల్సిన బాధ్యత వకీలుకి లేదా అని అడుగుతున్నారు. లేదనే నా వాదన. లేకపోవడమే ఆడవాళ్ళకి మేలని కూడా అంటాను.

ముందు చట్టం సంగతి చూద్దాం. కక్షిదారు చెప్పిన మాటని ఆమె స్పష్టమైన అనుమతి లేకుండా వకీలు బయటపెట్టకూడదని 1872 నాటి సాక్ష్య చట్టం 126వ సెక్షను చెప్పింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో ఇదే నియమం 132వ సెక్షనులో ఉంది. వకీలు గుమాస్తాకీ ఇది వర్తిస్తుంది. కేసు ముగిసినా ఈ బాధ్యత ముగియదు. చట్టవిరుద్ధమైన పని కోసం చెప్పిన మాటలకీ, కేసు చేపట్టాక వకీలు కంటపడిన నేరానికీ, మోసానికీ మాత్రమే మినహాయింపు. ఆ మినహాయింపుల్లోకి రాకపోతే కక్షిదారు వివరాల కోసం దర్యాప్తు అధికారి వకీలుకి సమను పంపకూడదని 2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పోలీసులకే లేని హక్కు ఫోన్‌లో అడిగేవాళ్ళకి ఎలా వస్తుంది?

"మేము ఆమె మేలు కోరేవాళ్ళం కదా" అంటారు. నిజమే. కాని ఫోన్‌లో వినిపించే గొంతుని బట్టి ఆ సంగతి తెలియదు. "అమ్మాయి తరఫు చుట్టాన్ని" అంటూ భర్త అన్న అడగొచ్చు. ఊరి పెద్దమనిషి అడగొచ్చు, విలేకరి అడగొచ్చు. ఆమె ఎక్కడ ఉంటోంది, ఏ వాయిదాకి వస్తోంది, మనోవర్తి ఎంత ఇస్తే రాజీకి దిగుతుంది? వీటిలో ఏ ఒక్కటి బయటికి పొక్కినా దెబ్బ తినేది ఆమే. మన కోసం తెరిచిన తలుపు వాళ్ళకీ తెరిచినట్టే.

అలాగని వకీళ్ళని వదిలిపెట్టమనడం లేదు. మన దగ్గర రహస్యం అని నోరు మూసుకునే వకీలు, ఫీజు ఇచ్చిన ఆమె తండ్రికీ అన్నకీ మాత్రం పూసగుచ్చినట్టు చెపుతాడు. మగవాళ్ళు కూర్చుని రాజీ కుదుర్చుకుంటారు. ఆమెతో పని చివర్లో సంతకానికే. వాయిదా ఎప్పుడని ఆమె అడిగితే "మీ నాన్నగారికి చెప్పానమ్మా" అంటాడు. ఇది పితృస్వామ్యం నల్లకోటు తొడుక్కోవడం. కక్షిదారు, లేదా ఆమె అధికారం ఇచ్చిన ప్రతినిధి చెప్పినట్టు తప్ప మరెవరు చెప్పినా వకీలు నడుచుకోకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ప్రవర్తనా నియమాల్లో 19వ నియమం. వకాల్తా మీద సంతకం పెట్టింది ఆమె. డబ్బు కట్టినంత మాత్రాన తండ్రి కక్షిదారు అయిపోడు. మనలాగే ఆయనా మూడో మనిషే.

కాబట్టి మన డిమాండు మారాలి. ప్రతి వాయిదా, ప్రతి పిటిషను, ఎదుటి పక్షం తెచ్చిన ప్రతి రాజీ ప్రతిపాదన వకీలు ఆమెకే, ఆమెకి అర్థమయ్యే తెలుగులో చెప్పాలి. వృత్తి ధర్మం తప్పిన వకీలు మీద 1961 అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షను కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చెయ్యొచ్చు. ఫీజు కోసం ఇంటి మగవాళ్ళకి లోబడాల్సిన పని కూడా లేదు. 1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షను ఉచిత న్యాయ సహాయానికి స్త్రీలని ఆదాయంతో నిమిత్తం లేకుండా అర్హులని చేసింది.

మరి మనకి వివరాలు నిజంగా అవసరమైతే? ఆమెనే అడుగుదాం. ఎవరికి చెప్పొచ్చు, ఏమేం చెప్పొచ్చు, ఎవరికి చెప్పకూడదు అన్నది ఒక కాగితం మీద రాసి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకుని వకీలుకి ఇద్దాం. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆ అనుమతి వెనక్కి తీసుకోవచ్చని ముందే చెపుదాం. మనకీ చెప్పొద్దని ఆమె అంటే నొచ్చుకోకుండా ఒప్పుకుందాం. తన బతుకు మీద నిర్ణయం తండ్రి చేతుల్లోంచి, భర్త చేతుల్లోంచి తీసుకోవాలని కోర్టుకెక్కిన మనిషి ఆమె. దాన్ని తెచ్చి సంఘం చేతుల్లో పెట్టమని అడిగే హక్కు మనకి లేదు.