తాడో పామో తేలాలి

నిన్నటి వరకు ఫోనులో కనిపించిన సైన్సు పాఠం నేడు తెరిచేసరికి లేదు. కంది చేనుకు పట్టే పురుగు గురించి చెప్పిన వీడియో కానివ్వండి, గ్రహణం గురించి చెప్పినది కానివ్వండి, దాని చోట నల్లని తెర, ఒక ఇంగ్లీషు వాక్యం మిగులుతున్నాయి. వెంటనే ఊళ్లో రెండు మాటలు పుడతాయి. "సర్కారే తీయించింది" అనేది ఒకటి, "సిగ్నల్ లేదులే" అనేది రెండోది. కారణం చూడకుండా అన్నంత కాలం ఈ రెండూ గుడ్డి మాటలే.

వికారాబాద్, తాండూరు పల్లెలకు ఇది చిన్న విషయం కాదు. 2020 సెప్టెంబరు 1న ప్రభుత్వ బడుల పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారా మొదలయిన నాటి నుంచి తెర మీది చదువు మన పిల్లలకు అలవాటయింది. ట్యూషన్ పెట్టించే స్తోమత లేని ఇంటికి ఫోనే మాస్టారు. ఆ మాస్టారు మూగపోతే ఎందుకు మూగపోయాడో తెలుసుకునే హక్కు ఆ ఇంటికి ఉన్నది.

పొరపాటు వల్ల వీడియోలు పోవటం నిజమే. 2012 ఆగస్టులో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పంపిన క్యూరియాసిటీ వాహనం అంగారక గ్రహం మీద దిగింది. ఆ సందర్భపు వీడియోను నాసాయే యూట్యూబులో పెట్టగా కొద్దిసేపటికే మాయమయింది. స్క్రిప్స్ అనే వార్తా సంస్థ పేరున వెళ్ళిన కాపీరైటు ఫిర్యాదే అందుకు కారణం. తప్పని తేలాక వీడియో తిరిగి వచ్చింది, ఆ సంస్థ క్షమాపణ చెప్పుకున్నది. 2020 డిసెంబరు 14న గూగుల్ ఏర్పాట్లలో లోపం తలెత్తి యూట్యూబు ప్రపంచమంతటా సుమారు ముప్పావు గంట ఆగిపోయింది. ఈ రెండింటిలో ఏ సర్కారు చేయీ లేదు.

అలాగని ప్రతిదీ పొరపాటే అనుకోవటానికి వీల్లేదు. సమాచార సాంకేతిక చట్టం 69ఎ సెక్షన్ కింద దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలపై కేంద్ర ప్రభుత్వం వీడియోలను ఆపించవచ్చు. 2015లో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను సమర్థించింది. అయితే 2009 నాటి నిబంధనలు ఈ ఫిర్యాదులను, చర్యలను గోప్యంగా ఉంచమంటున్నాయి. చిక్కు ఇక్కడే ఉన్నది. అంత దూరం పోనక్కర లేదు. 2024 నవంబరులో దుద్యాల మండలం లగచర్లలో భూసేకరణ విషయమై ఘర్షణ జరిగిన తర్వాత ఆ ప్రాంతంలో ఇంటర్నెట్‌నే నిలిపివేశారు. ఆ రోజుల్లో అక్కడి పిల్లవాడికి పాఠం అందకపోవటానికి కారణం టవరు కాదు, ఉత్తర్వు.

ఈ తేడా పెద్దవారు ఎరిగినదే. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ విధించినప్పుడు సెన్సారుకు నిరసనగా సంపాదకీయం స్థలాన్ని ఖాళీగా వదిలిన పత్రికలు ఉన్నాయి. అదే ఏడాది ఆగస్టు 1న 'సైట్' అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం మొదలయింది. ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలలో ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం రైతులకు కార్యక్రమాలు చూపారు. 1976 జులై 31న అవి ఆగిపోయాయి. అమెరికా ఆ ఉపగ్రహాన్ని ఏడాదికే ఇచ్చింది, గడువు అందరికీ ముందే తెలుసు. పత్రికలోని ఖాళీకి సెన్సారు కారణం, టీవీలోని ఖాళీకి గడువు కారణం. చూపులకు రెండూ ఒక్కటే.

కనుక పాఠకులు ముందుగా తెర మీది వాక్యాన్ని చదువుకున్నవారి చేత చదివించుకోవాలి. 'ప్రైవేట్' అని ఉంటే పెట్టినవారే దాచుకున్నారు. 'కాపీరైట్' అని ఉంటే అది హక్కుల తగాదా. ప్రభుత్వ ఉత్తర్వు వల్ల ఈ దేశంలో అందుబాటులో లేదని ఉంటే అది సర్కారు పని. ఏదీ తెరుచుకోకపోతే మరో కంపెనీ సిమ్ ఉన్న ఫోనులో చూడాలి. ఇవేవీ చూడకుండా వాట్సాప్‌లో పుకారు పంపటం తగదు.

అధికారుల బాధ్యత ఇంతకంటే పెద్దది. ఇంటర్నెట్ నిలిపివేత ఉత్తర్వులను ప్రచురించాలని 2020 జనవరి 10న సుప్రీంకోర్టు చెప్పింది. మన జిల్లాలో అటువంటి ఉత్తర్వు వస్తే దానిని తెలుగులో పంచాయతీ నోటీసు బోర్డు మీద అతికించాలి, చాటింపు వేయించాలి. టవరు చెడిపోతే ఎప్పటికి బాగవుతుందో ఫోను కంపెనీలు చెప్పాలి. వీడియోను ఆపిస్తే కారణాన్ని పెట్టినవారికీ, చూసేవారికీ తెలపాలి. ఉపాధ్యాయులు కూడా వీడియో పాఠంలోని ముఖ్యాంశాలను పిల్లల చేత నోటుబుక్కులో రాయించాలి. ఎవరు ఏది తీసేసినా కాగితం మీది అక్షరం చెరగదు.

తాడును చూసి పామని పరుగెత్తటం అమాయకత్వం. పామును చూసి తాడేలెమ్మని పట్టుకోవటం ప్రమాదం. ఈ రెండూ జరగకూడదంటే దీపం వెలిగించాలి. ఆ దీపం కారణం చెప్పటమే. దానిని వెలిగించవలసిన వారు అధికారంలో ఉన్నవారు.