వర్తకము విడిచి కళను చేపట్టుట

వర్తకములోనో, పెద్ద సంస్థల కొలువులోనో ఇరువది యేండ్లు గడపి, నాలుగు డబ్బులు చేరిన పిమ్మట, "ఇక చిత్రలేఖనము, రచన, ద్రాక్షాసవముల రుచి, ఇవియే నా జీవితము" అని ప్రకటించి బయటపడువారు ఈనాడు తఱచుగా కనబడుచున్నారు. వారిని జూచి మనము చప్పట్లు కొట్టుచున్నాము. కొట్టవలసినదే. కాని దేనికి కొట్టుచున్నాము? వారు విడిచినదానికా, చేసినదానికా?

ఇట్టివారి కెల్ల ఆదిగురువుగా పేరుపడ్డవాడు ఫ్రెంచి చిత్రకారుడు పాల్ గోగా. పారిస్ నగరమున షేర్ల దళారిగా చక్కగా ఆర్జించుచు, ఒకనాడు ఆలుబిడ్డలను, ఆస్తిని త్రోసివేసి కుంచె పట్టెనని లోకము చెప్పుకొనును. సోమర్సెట్ మామ్ 1919లో ఇతని జీవితచ్ఛాయతో వెలువరించిన నవల ఆ కథకు మఱింత మెఱుగు పెట్టినది. నిజమట్లు లేదు. 1876 నాటికే అతని చిత్రము పారిస్ సలోన్ ప్రదర్శన కెక్కినది. 1879 నుండి ఇంప్రెషనిస్టుల సరసన అతడు తన పనిని ప్రదర్శించుచుండెను. 1882లో షేరు మార్కెట్టు కూలినది. మఱుసటి యేడు దళారీ పని ముగిసినది. అనగా విడుచుటకు ముందే దాదాపు పదేండ్లు సెలవుదినములలో కుంచె పట్టినవాడు. విడుచుటలో సగము పని మార్కెట్టే చేసిపెట్టినది!

ఇక అతడు 1891లో తహితి దీవికి ఓడ యెక్కినపుడు ఐదుగురు బిడ్డల భారము ఎవరిపై బడినది? భార్య మెట్టె డెన్మార్కు దేశమున ఫ్రెంచి పాఠములు చెప్పి, అనువాదములు చేసి వారిని పెంచినది. గోగా సాహసమును వర్ణించువారిలో ఆమె పేరెత్తువారు అరుదు.

మనలోను వృత్తిని విడిచిన కళామూర్తులు లేకపోలేదు. అడివి బాపిరాజుగారు భీమవరములో కొంతకాలము న్యాయవాదిగా నుండి, ఆ కోటు తీసివైచిరి. చిత్రములు వ్రాసిరి, పాటలు కట్టిరి, నవలలు రచించిరి. వారి "నారాయణరావు" నవలకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమానము "వేయిపడగలు"తో సమముగా పంచియిచ్చిరి. ఐనను వారు కూర్చుండి కలలు కన్నవారు కారు. బందరు జాతీయ కళాశాలకు అధ్యక్షత వహించిరి. హైదరాబాదున "మీజాన్" పత్రికకు సంపాదకత్వము నెఱపిరి. వారు విడిచినది న్యాయస్థానమును, పనిని గాదు.

వర్తకము నసలు విడువనివారి మాట యేమి? కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము వ్యాపారము నారంభించిరి. ఆ తలనొప్పి మందు సొమ్ముతోనే 1908లో ఆంధ్రపత్రిక వారపత్రికగా పుట్టినది, 1914లో మదరాసున దినపత్రికయైనది. 1924లో భారతి, ఆపై ఆంధ్రగ్రంథమాల వెలసినవి. ఆయన కూడ ఒక శుభోదయమున "వ్యాపారము నా ఆత్మను చంపుచున్నది" అని దుకాణము కట్టివైచియుండినచో, తెలుగు సాహిత్యము ఎంత నష్టపోయెడిదో! అంతకు పూర్వము శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చినది అవచి తిప్పయసెట్టికి. ఆయనయు సుగంధద్రవ్యముల వర్తకుడే.

ద్రాక్షాసవము సంగతి వేఱు. మధువనగానే మనవారికి "పానశాల" తలపునకు వచ్చును. పారసీకము నేర్చి ఉమర్ ఖయ్యామును తెనిగించిన దువ్వూరి రామిరెడ్డిగారు నెల్లూరు సీమలో సేద్యమెఱిగిన కవి. త్రాగుట వేఱు, రుచి నెఱుగుట వేఱు. రెండవదానికి మట్టి తెలియవలెను. రాజీవ్ సామంత్ అమెరికాలో ఒరాకిల్ సంస్థ యుద్యోగము విడిచివచ్చి, నాసిక్ పొలములలో ద్రాక్ష పెంచి, 1999లో సూలా సంస్థను నెలకొల్పెను. తీగ నాటిన రెండు మూడేండ్లకు గాని సరియైన కాపు రాదు. ఆపై పులియబెట్టుట, పీపాలు, పన్నులు, అమ్మకము! కొలువు విడిచి ద్రాక్షతోటకు వెళ్లినవాడు కడకు చేరినది వ్యాపారమునకే. ఇందులో నాకు హాస్యమే కాని ఆక్షేపణ లేదు.

మా త్రిపురాంతకము శ్రీశైలమునకు తూర్పుద్వారము. ఇచ్చటికి చేరువనున్న మార్కాపురము పలకలపై తరతరముల తెలుగు బిడ్డలు ఓనమాలు దిద్దిరి. ఆ రాతిని త్రవ్వించి, కోయించి, కొయ్యచట్రము బిగించి, ఊరూరికి పంపినవారు వర్తకులు. నోటుపుస్తకములు వచ్చి బడిపలక తగ్గినది. ఆ రాయి నేడు ఇండ్ల గోడలకు, నేలలకు పోవుచున్నది.

ఆ వ్యాపారములోనే యున్న నా పూర్వవిద్యార్థి యొకడు మొన్న వచ్చి, "దుకాణము తమ్మునికి అప్పగించి బొమ్మలు వేసుకొందును. ఏమందురు, గురువుగారూ?" అని యడిగెను. ఇప్పటికెన్ని వేసినావు, ఇంట నేమన్నారు అని మాత్రమే నేనడిగితిని. మొదటి ప్రశ్నకు అతడు చేసంచి విప్పి, అమ్ముడుపోని పలక ముక్కలపై రంగులతో వేసిన నలువదికి పైగా బొమ్మలను నా బల్లపై పేర్చినాడు. కొన్ని బాగుగానే యున్నవి. రెండవదానికి, ఇంటికి వెళ్లి అడిగి వచ్చెదనని చెప్పి వెళ్లినాడు.