పోటీ బుద్ధికా, ధనమునకా?

మన కరీంనగరు, ఆదిలాబాదు సీమల విద్యార్థులు పాఠములు వల్లించుటతో తృప్తిచెందక, స్వహస్తములతో రోబోలను నిర్మింప బూనుట హర్షదాయకము. 2008 లో బాసరయందు ట్రిపుల్ ఐటీ వెలసినది. 2016 లో ఆరంభమైన అటల్ ఇన్నోవేషన్ మిషన్, టింకరింగ్ ప్రయోగశాలలకై ఒక్కొక్క పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు సాయ మేర్పరచినది. ఇక పోటీల నిబంధనలను గూర్చి ఆలోచింపవలసియున్నది.

ఏ భాగములు వాడవచ్చునో, ఏవి వాడరాదో స్పష్టముగా వ్రాయనిచో తీర్పు పరీక్షకుని ఇచ్ఛకు లోబడును. నెలల తరబడి శ్రమించిన బాలుని యంత్రము పోటీనాడు తనిఖీ బల్లయొద్దనే త్రోసివేయబడుటకంటె అన్యాయ మేమి గలదు?

1989 లో అమెరికాలో నెలకొన్న ఫస్ట్ సంస్థ రెండు మార్గముల నవలంబించినది. లెగో లీగునందు లెగో భాగములతోడనే రోబోను కట్టవలయునని నియమించినది. పెద్ద విద్యార్థుల టెక్ ఛాలెంజినందు కొయ్య, రేకు మొదలగు ముడిసరుకుల ననుమతించినది. కాని మోటారుల రకములను నిర్ణయించి, ఆరంభమున యంత్రము ఏ ప్రక్కను 18 అంగుళములు మించరాదన్నది. మార్గములు వేరైనను నిబంధనలు ముందుగనే ప్రకటితములు.

అందరికి నొకే పెట్టె నిచ్చిన సమానత్వ మేర్పడునని కొందరందురు. పెట్టెను కొనగలవారి నడుమనే ఆ సమానత్వము! సిరిసిల్ల మరమగ్గముల కార్మికుని కుమారుడు, ఉట్నూరు ఆశ్రమపాఠశాల బాలిక దానిని కొనగలరా? నిర్మల బొమ్మలకు వాడు తేలికైన పొనికి కఱ్ఱ, పాత కూలరు మోటారు, సైకిలు చక్రము వారికి లభ్యములు. వాటిని కాదన్నచో వారి బుద్ధినే కాదన్నట్లగును.

కావున మా సూచన యిది. నిబంధన కంపెనీపేరును గాక యంత్రము కొలత, బరువు, వోల్టేజి, మొత్తము ఖర్చు అనువాటిని నిర్ణయింపవలయును. పాత సామానునకు అంగడి ధర కట్టవలయును. ఇంటి కరెంటుతో నేరుగా కలుపుట, నిప్పు, కప్పులేని వాడి అంచులు, ఉబ్బిన లిథియం బ్యాటరీలు నిషేధింపవలయును. తనిఖీ కష్టమను వాదము నిలువదు. త్రాసు, టేపు, మల్టీమీటరు, చూచు కన్ను చాలును. నిబంధనలు తెలుగునందును రెండు నెలలు ముందుగా వెలువడవలయును. ఒకరి సందేహమునకు చెప్పిన సమాధానము అందరికిని చేరవలయును. గడువు దాటిన పిమ్మట మార్పు కూడదు.

నిబంధన చేనికి కంచెవంటిది. కంచెయే చేను మేయకుండ జూచుట నిర్వాహకుల ధర్మము.